ఇరవై మూడు రోజుల ఆలస్యం

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. పన్ను అప్పీళ్ల ట్రిబ్యునల్లో ఆ పూజారిని రిజిస్ట్రీ అంటారు. న్యాయం మీ వైపే ఉండనివ్వండి, అప్పీలు ఫారం ఐదు ప్రతుల్లో లేకపోయినా, కింది అధికారి ఉత్తర్వు నకలు మీద ముద్ర సరిగ్గా పడకపోయినా, సంతకం కింద తేదీ వేయకపోయినా మీ కట్టని వచ్చిన దారినే వెనక్కి పంపేస్తారు. ముప్పై నాలుగేళ్లు ఆ కిటికీ ముందు నిలబడ్డ పన్నుల వకీలుని నేను. పేరు పేరి భానుమూర్తి. మా కోస్తా బెంచిలో కుర్ర వకీళ్లకి ఏదైనా నియమం గుర్తు రాకపోతే పుస్తకం తెరిచేవారు కాదు, వరండాలోకి వచ్చి నన్ను అడిగేవారు. ఆ గర్వమే నా కొంప ముంచింది. మునిగింది నా కొంప ఒక్కటే అయితే ఇదంతా రాసేవాణ్ణి కాదు.

మైలపల్లి పోలమ్మ నా క్లయింటు. భీమిలి రేవు దగ్గర ఆమే, భర్త ఎర్రన్నా కలిసి కట్టుకున్న ఐసు ఫ్యాక్టరీ ఉంది. కాగితాల మీద యజమాని పోలమ్మే. గంపల్లో చేపలు పెట్టుకుని ఊళ్ల మీదికి వెళ్లే ఆడవాళ్లకి విరిగిన ఐసు ఊరికే ఇవ్వడం వాళ్లకి మొదటినుంచీ అలవాటు. పన్ను అధికారి ఒకాయన వచ్చి, ఈ రోజుల్లో ఊరికే ఎవరు ఇస్తారు, ఇదంతా దాచిపెట్టిన అమ్మకం అని తేల్చాడు. పన్నూ జరిమానా కట్టకపోతే ఫ్యాక్టరీ వేలానికి పోతుంది. కేసులో బలం మాదే. అప్పీలు వినడమంటూ జరిగితే ఒక్క పూటలో తేలిపోయేది. కాని వినాలంటే ముందు గడువులోపల వెయ్యాలి. ఆ గడువు మార్చి పదో తేదీతో సరి.

నేను ఆరో తేదీనే వేశాను. అయితే మా వృత్తిలో ఒక చెడ్డ అలవాటుంది. దూరాన్నించి వచ్చే క్లయింటుని మాటిమాటికీ తిప్పడం ఎందుకని ముందే సంతకం పెట్టించుకుంటాం. తేదీ మాత్రం ఖాళీగా ఉంచుకుని, దాఖలు చేసేరోజు మనమే వేస్తాం. ఆ రోజు నేను వెయ్యడం మర్చిపోయాను. తొమ్మిదో తేదీన రిజిస్ట్రీ కట్ట తిప్పి పంపింది, పైన లోపాల మెమో జతచేసి. తేదీ వేసి మర్నాడు ఇచ్చేస్తే సరిపోయేది. కాని భానుమూర్తి పేరున లోపాల మెమో రావడమనేది లోకంలో జరగదని నా నమ్మకం. అది వేరే కేసు తాలూకు నకళ్లనుకుని, కవరు చింపకుండా బీరువా మీద పడేశాను. చింపేసరికి ఏప్రిల్ రెండు. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. లెక్కకి ఇరవై మూడు రోజుల ఆలస్యం.

ఆ ఇరవై మూడు రోజుల్లో పోలమ్మ ఇంట్లో జరిగింది వేరు. ఎర్రన్నకి కాలేయం చెడిపోయి మంచాన పడ్డాడు. ఆస్పత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మార్చి ముప్పయ్యో తేదీన పోయాడు.

కవరు చింపిన రోజే మధ్యాహ్నం బస్సెక్కి భీమిలి వెళ్లాను. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వెయ్యాలి, దానికి ఆమె ప్రమాణపత్రం కావాలి. పోలమ్మ వసారాలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఎవరో తెచ్చిన అన్నం పళ్లెం ముట్టుకోకుండా పక్కన పెట్టి ఉంది. నేను మడతకుర్చీలో కూర్చుని, "అమ్మా, మీరు ఆయన పక్కన ఉండిపోవడం వల్ల మన అప్పీలు గడువు దాటిపోయింది" అన్నాను.

ఆమె లేచి నిలబడింది. "తప్పు నాదే బాబూ. మీరెన్ని పాలి ఫోను సేసినారో ఏటో, నా ద్యాసే ఇక్కడ లేదు. ఏటనుకోకండి" అని రెండు చేతులూ జోడించింది.

నేను ఒక్కసారి కూడా ఫోను చెయ్యలేదు. చేయలేదని చెప్పడానికి అదే సమయం. "ఫర్వాలేదమ్మా" అన్నాను. అని, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను.

ఆ ప్రమాణపత్రంలో నేను రాసింది కూడా చెప్పాలి. ఆలస్యానికి కారణం అనగానే మా చేతులు వాటంతట అవే జబ్బు అని రాస్తాయి. తల్లికి జబ్బు, భార్యకి జబ్బు, ఏమీ లేకపోతే వకీలుకే కామెర్లు. ఏ బెంచీ జబ్బుని కాదనదు. పోలమ్మ ఇంట్లో నిజంగానే జబ్బూ ఉంది, చావూ ఉంది. కొత్తగా కల్పించే పని కూడా లేదని ఆ వేళ నాకు లోపల్లోపల తేలికపడింది.

ఒక సంగతి నేను ఆలోచించలేదు. పూర్వంలాగైతే డాక్టరు సర్టిఫికెట్టు జతచేసి చేతులు దులుపుకునేవాళ్లం. ఇప్పుడు కాగితాన్ని నమ్మేవాడు లేడు. సర్టిఫికెట్టయినా, వీడియో అయినా, చచ్చినవాడి గొంతయినా అరనిమిషంలో పుట్టించే రోజులు వచ్చాక ట్రిబ్యునల్ నియమావళి సవరించారు. ఇరవై ఏడో నియమం ప్రకారం ఆలస్యమైన ప్రతి రోజుకీ సంజాయిషీ ఇవ్వాలి. ఆ సంజాయిషీ ఎవరు చెబుతారో వాళ్ల జ్ఞాపకంలోంచే ఇవ్వాలి. నకలు పనికిరాదు, అసలే దాఖలు చెయ్యాలి. దానికోసం మూడో అంతస్తులో ఒక యంత్రం పెట్టారు. గెజిట్లో దాని పేరు స్మృతిగ్రాహి. మేమంతా కుర్చీ అంటాం.

జూలైలో రిజిస్ట్రీ నుంచి నోటీసు వచ్చింది. అప్పీలుదారు మార్చి పదకొండు నుంచి ఏప్రిల్ రెండు వరకు గల జ్ఞాపకాలను అసలు రూపంలో దాఖలు చేయవలెను. అంతకుముందు ఒకసారి యంత్రాన్ని నడిపే నిపుణురాలిని కలవవలెను.

ఆ నిపుణురాలు డాక్టర్ షమీమ్. ఆ యంత్రాన్ని కనిపెట్టింది కూడా ఆవిడే. నలభై అయిదేళ్లుంటాయి, మనిషి చాలా నెమ్మది. పోలమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, తలకి పల్చటి టోపీలాంటిది తొడిగి, "పొద్దున్న ఏం తిన్నారమ్మా?" అని అడిగింది.

"సద్దన్నం. ఉల్లిపాయ నంజుకున్నాను. మా తోటికోడలు మాగాయ ఎట్టింది, అదీ తిన్నాను" అంది పోలమ్మ.

ఎక్కడో చిన్న జుయ్యిమన్న చప్పుడు. డాక్టర్ షమీమ్ ఒక నిమిషం ఆగి మళ్లీ అడిగింది. "పొద్దున్న ఏం తిన్నారు?"

పోలమ్మ నోరు తెరిచింది. మూసింది. నావైపు చూసి నవ్వింది. "ఓలమ్మో, తిన్నానో లేదో! కడుపు నిండుగానే ఉంది మరి." రెండు క్షణాలు అలాగే నవ్వుతూ ఉండి, ఆ నవ్వు ఆపేసింది.

"ఇప్పుడే చెప్పారు మీరు" అంది డాక్టర్.

"సెప్పినానా?"

"చెప్పారు. చెప్పినట్టు కూడా గుర్తుండదు. ఒక సంగతిని తలుచుకున్నప్పుడల్లా మనసులో అది కరిగి మెత్తబడుతుందమ్మా. మనం తలుచుకోవడం ఆపగానే మళ్లీ గట్టిపడుతుంది. ఈ యంత్రం అది మెత్తగా ఉన్నప్పుడు తీసుకుంటుంది. తలుచుకున్నదీ, చెప్పిందీ అన్నీ కలిపి."

పోలమ్మ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. "అంటే దిమ్మని నీళ్లు సేసి, మళ్లీ గెడ్డ కట్టకుండా ఎత్తుకెళ్లిపోతారన్నమాట."

"అంతే."

"అందులో ముప్పయ్యో తారీకు ఉంది కదమ్మా?"

"ఉంది."

"అయితే ఆయన బతికున్నట్టే ఉంటాదా నాకు?"

డాక్టర్ షమీమ్ నిజం చెప్పే మనిషి. "లేదు. పోయారని తెలుస్తూనే ఉంటుంది. పెద్దదినం ఏప్రిల్లో చేశారు కదా, అది గుర్తుంటుంది. ఆయన ఎలా పోయారో, పోయేముందు ఏం మాట్లాడారో అది మాత్రం ఉండదు."

పోలమ్మ ఒళ్లోని టోపీని డాక్టర్ చేతికి ఇచ్చేసింది. నావైపు తిరిగింది. "వేరే దారేటీ లేదా బాబూ?"

ఉంది. అదే ఇరవై ఏడో నియమం రెండో భాగంలో ఉంది. ఆలస్యానికి అసలు కారకుడు వేరొకరైతే, ఆ కారకుడే కుర్చీలో కూర్చోవాలి. నాకు కంఠతా వచ్చు.

"లేదమ్మా" అన్నాను.

ఆమె తల ఊపింది. "ముప్పై ఏళ్లు నాతో కాట్లాడుకుంటానే కాపరం సేసినాడు బాబూ ఆయన. ఆ ఇరవై రోజులూ కాట్లాడలేదు. నాకు ఆయనంటూ మిగిలింది ఆ రోజులే. అవి మీకెందుకో నాకు తెల్దు. ఫ్యాక్టరీ పోతే పదునాలుగు కొంపల్లో పొయ్యి ఎలగదు. తీసుకోండి" అంది.

పోలమ్మ మెట్లు దిగి వెళ్లాక డాక్టర్ షమీమ్ నన్ను ఆపింది. "తుఫాన్లలో పిల్లల్ని పోగొట్టుకుని నిద్రపట్టని తల్లుల కోసం కట్టానండీ దీన్ని. వద్దనుకున్నవాళ్ల దగ్గర తీసుకోవడానికి. మీరు దాచుకున్నవాళ్ల దగ్గర తీసుకుంటున్నారు."

"నేను కాదు, నియమం" అన్నాను.

"ఇంకో మాట. కుర్చీ అబద్ధం పట్టుకోదు, ఉన్నది ఉన్నట్టు తీస్తుంది. ఆ రోజుల్లో ఆవిడ అప్పీలు గురించి ఒక్కసారైనా కంగారుపడి ఉండాలి కదా. అది లేదనుకోండి, వేశామనే ధీమాతో ఉందనుకోండి, బెంచి ఏమంటుంది? ఇది సంజాయిషీ కాదు, ఉత్త నిర్లక్ష్యం అంటుంది. అప్పుడు అవీ పోతాయి, ఇదీ పోతుంది. మీకు తెలియనిది కాదు."

నాకు తెలియనిది కాదు. అయినా బెంచివాళ్లూ మనుషులే, చావు చూసి కరగకుండా ఉంటారా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. వకీలు బుర్ర ఒకరికి నచ్చజెప్పడం మొదలుపెడితే ఆగదు, ఆ ఒకరు తానే అయినా సరే.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాను. మా ఆవిడ సుగుణ రెండుసార్లు చారు పోసింది, రెండుసార్లూ కలిపి వదిలేశాను. ఏమిటని అడిగితే మొత్తం చెప్పేశాను. మా ఇంట్లో నేను దాచగలిగింది ఏనాడూ ఏమీ లేదు.

సుగుణ గరిటె కింద పెట్టింది. "అయితే రేప్పొద్దున్న వెళ్లి చెప్పేయండి."

"చెబితే వకీలు సనదు పోతుంది. ముప్పై నాలుగేళ్ల పేరు."

"పేరుకేమండీ, బోర్డు పీకేస్తే వెనకవైపు మళ్లీ పెయింటు వేసుకోవచ్చు. ఆవిడకి మొగుడు చచ్చిపోయాడు. ఆ చావు కూడా లాక్కుంటారా మీరు?"

"ఇప్పుడు చెబితే ఆవిడకే నష్టం సుగుణా. ప్రమాణపత్రం అబద్ధమని తేలితే ముప్పై రెండో నియమం కింద అప్పీలే కొట్టేస్తారు."

అది కొంతవరకు నిజమే. అబద్ధం ఆడేవాడికి సగం నిజం దొరికితే అంతకంటే ఏం కావాలి? సుగుణ నా మొహం వైపు చూసి, కంచం తీసుకుని వెళ్లిపోయింది. మూడు వారాలపాటు మా ఇంట్లో అవసరానికి మించి మాట లేదు.

ఆగస్టు పదమూడున ఉదయం పదకొండు గంటలకి వాయిదా. మూడో అంతస్తు గదిలో అద్దానికి అటువైపు కుర్చీ, ఇటువైపు నేను. బెంచి సభ్యులిద్దరూ పక్కగదిలో తెర మీద చూస్తారు. పోలమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని వచ్చింది. డాక్టర్ షమీమ్ టోపీ తొడిగింది. బెంచి గుమాస్తా రిజిస్టరు తెరిచి, హాజరు పిలిచినట్టుగా మామూలు గొంతుతో పిలిచాడు.

"మార్చి పదకొండు."

పోలమ్మ కళ్లు మూసుకుని చెప్పడం మొదలుపెట్టింది. గుమాస్తా తలుపు మూసేశాక అద్దంలోంచి మాట వినబడదు. పెదవులు కదలడం తెలుస్తోంది. మధ్యలో ఒకసారి నవ్వింది. ఒకసారి కళ్ల నీళ్లు కారితే తుడుచుకోకుండా చెప్పుకుపోయింది. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. పావుగంట. అరగంట. ఇప్పుడు లేచి తలుపు కొట్టొచ్చు అనుకున్నాను. ఈ రోజు అయ్యాక కొడదామనుకున్నాను. నియమాలు ఒకదాని వెనక ఒకటి వాటంతట అవే బుర్రలో తిరుగుతున్నాయి. నలభై నిమిషాలకి ఆమె పెదవులు ఆగాయి. డాక్టర్ ఏదో మీట నొక్కింది. గుమాస్తా రిజిస్టర్లో టిక్కు పెట్టాడు.

మంచినీళ్లకని అయిదు నిమిషాలు విరామం ఇచ్చారు. పోలమ్మ బయటికి వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుంది. గ్లాసు ఎత్తి గటగటా తాగింది. చెంపల మీద చారికలు ఇంకా ఆరలేదు. వాటిని చేత్తో తాకి, చెమట అనుకుందేమో, కొంగుతో అద్దుకుంది.

"ఎప్పుడు మొదలెడతారు బాబూ?" అంది.

నేను ఆమె చేతిలోంచి ఖాళీ గ్లాసు అందుకున్నాను.

"పదకొండో తారీకు పిలిస్తే ఏటి సెప్పాలో బస్సులో తలుసుకుంటానే ఒచ్చినాను. ఇప్పుడు సూత్తే..." అని ఆగింది. కనుబొమలు ముడిచింది. వెతుక్కుంటోంది. జేబులో తాళంచెవి కోసం తడుముకునే మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. "ఏటో బాబూ, కంగారుకి గుర్తు రాట్లేదు. పిలిస్తే వచ్చేస్తాదిలెండి."

తలుపు దగ్గర డాక్టర్ షమీమ్ నిలబడి ఉంది. ఆవిడ నన్ను చూడలేదు, నేలని చూస్తోంది. లోపల్నించి గుమాస్తా, "మార్చి పన్నెండుకి రమ్మనండి" అన్నాడు.

పోలమ్మ లేచింది. అప్పుడు ఆమె చెయ్యి పట్టుకున్నాను. ముప్పై నాలుగేళ్లలో ఏ క్లయింటునీ ముట్టుకోలేదు. "వెళ్లకండమ్మా" అన్నాను. "కుర్చీలో కూర్చోవాల్సింది మీరు కాదు."

పక్కగదిలోకి వెళ్లి బెంచి ముందు నిలబడ్డాను. తేదీ వేయకపోవడం, కవరు చింపకపోవడం, భీమిలి వెళ్లి అబద్ధం చెప్పడం, వరసగా చెప్పాను. అధ్యక్ష స్థానంలో ఉన్నావిడ చేతిలో కలం పక్కన పెట్టింది. నా ఎదుగుదల మొత్తం చూసిన మనిషి ఆవిడ.

"భానుమూర్తిగారూ, ప్రమాణపత్రం అబద్ధమని మీరే అంటున్నారు. ముప్పై రెండో నియమం మీకు నేను చెప్పాలా?"

"అక్కర్లేదు మేడమ్. అప్పీలు అక్కడికక్కడే కొట్టివేత. కాని ఆ నియమంలో 'తెలిసి' అని ఉంది. అబద్ధమని తెలిసి ప్రమాణం చేసినవాళ్లకే అది వర్తిస్తుంది. ఆమెకి తెలియదు."

"తెలియదని రుజువేమిటి? మీ మాటా?" ఆవిడ గొంతు పెంచలేదు. "ఇందాకటిదాకా ఇదే బెంచి ముందు మీరు అబద్ధంతో కూర్చున్నారు. ఒక మనిషి దగ్గర ఒక రోజు తీసుకోనిచ్చారు. ఇప్పుడు మీ మాట నమ్మమంటారా?"

"నా మాట వద్దు మేడమ్. అసలు దాఖలు చేస్తాను. మార్చి పదకొండు నుంచి ఏప్రిల్ రెండు వరకు, నాది."

పన్నుశాఖ తరఫు వకీలు లేచి అభ్యంతరం చెప్పాడు. పిటిషన్లో లేని కొత్త కారణాన్ని బెంచి అనుమతి లేకుండా తేకూడదన్నాడు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. సభ్యులిద్దరూ తలలు దగ్గరపెట్టి మాట్లాడుకున్నారు. అంత పొడుగు నిమిషాలు నేను ఏ కేసులోనూ చూడలేదు. చివరికి అధ్యక్షురాలు, "అనుమతిస్తున్నాం. సాక్షిని మార్చండి. భానుమూర్తిగారూ, గౌను తీసి ఇక్కడ పెట్టి లోపలికి వెళ్లండి" అన్నారు.

గౌను తీసి బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగాను. పోలమ్మ గోడ దగ్గర నిలబడి ఉంది. అంతా వింది. తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. "ఒక రోజు తీసుకున్నారా బాబూ? అయిపోయిందా అది?" అని మాత్రం అడిగింది. అయిపోయిందని చెప్పాను.

నాకు మూడు రోజులు పట్టింది. గుమాస్తా తేదీలు పిలవడం గుర్తుంది. ప్రతి తేదీకీ ఆ పిలుపే మిగిలింది, నేను ఏం చెప్పానో మిగల్లేదు. కాబట్టి ఇక్కడ ఒప్పుకోవాలి, పైన నేను రాసిన ఏప్రిల్ రెండో తేదీ సంగతి నాకు జ్ఞాపకం ఉండి రాసింది కాదు. మడతకుర్చీ, ముట్టుకోని అన్నం పళ్లెం, ఆమె లేచి చేతులు జోడించడం, లోపల్లోపల నాకు తేలికపడటం, అన్నీ ట్రిబ్యునల్ ఉత్తర్వు ఏడో పేజీలో ఉన్నాయి. అది నాలుగుసార్లు చదివాను. ఎవడో నీచుడి గురించి చదువుతున్నట్టు ఉంటుంది, చివర్లో పేరు చూస్తే నాది. తప్పు చేశానని తెలుసు. సిగ్గుపడాలన్నా ఆ క్షణం నా దగ్గర లేదు, రిజిస్ట్రీ దగ్గర ఉంది. ఇది శిక్షో, శిక్ష తప్పించుకోవడమో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఈ ఏటి ఉగాది కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైందని నేను విసుక్కున్నానట. సుగుణ ఇలాంటివి ఒక్కొక్కటే గుర్తుచేసుకుని చెబుతుంది. మంచివేమైనా ఉన్నాయా అని అడిగితే, ఉన్నాయంటుంది, అవి మాత్రం చెప్పదు.

ఆలస్యాన్ని మన్నించారు. అప్పీలు స్వీకరించారు. నా సనదు అయిదేళ్లపాటు నిలిపేశారు. నాకు అరవై ఒకటి కాబట్టి అది జన్మకి సరిపోయినట్టే. వకీలుగా నేను చివరగా రాసింది పోలమ్మ తరఫున ఒక దరఖాస్తు. అవసరం లేకుండా తీసుకున్న మార్చి పదకొండో తేదీని తిరిగి ఇప్పించమని. రిజిస్ట్రీ దానికి లోపాల మెమో కూడా ఇవ్వలేదు. దాఖలైన అసలు శాశ్వత రికార్డు అవుతుందని, దాన్ని బెంచి తప్ప ఎవరూ చూడరాదని ఒక్క వాక్యం రాసి కొట్టేసింది. డాక్టర్ షమీమ్ దగ్గరికి పరుగెత్తాను. "తీయడం నాకు తెలుసు. మళ్లీ పెట్టడం ఇంకా ఎవరికీ తెలియదండీ" అంది. ఆవిడ కూడా ఆ నెలాఖరుకి ఉద్యోగం మానేసింది. కుర్చీ మాత్రం అక్కడే ఉంది, నడపడానికి ఇంకెవరో వచ్చారు.

కొత్త వకీలు పెట్టి పోలమ్మ అసలు అప్పీలు నడిపించింది. నేను అనుకున్నట్టే ఒక్క పూటలో తేలింది. గంపల ఆడవాళ్లు పదకొండుమంది వచ్చి బెంచి ముందు చెప్పారట, ఐసుకి ఏనాడూ కాణీ ఇవ్వలేదని. ఫ్యాక్టరీ నిలబడింది.

నిన్న మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. పాత కాగితాలు కొన్ని నా దగ్గర ఉండిపోయాయి, వాటికోసం. సుగుణ కుర్చీ వేస్తే కూర్చోలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది. ఫైలు తీసుకొచ్చి ఇచ్చాను. ఒక్కొక్క కాగితం తిరగేసి చూసుకుంది. ఇప్పుడు సంతకం ఉన్న ప్రతిచోటా తేదీ ఉందో లేదో చూస్తోంది.

"క్షమించమని అడిగే మొహం కాదు నాది" అన్నాను.

"దాని కోసం రాలేదు బాబూ." ఫైలుకి దారం కట్టుకుంది. కట్టి, కాసేపు వెళ్లకుండా నిలబడింది. "ఆ పదకొండో తారీకు సంగతి తెలిసినాది."

"ఎవరు చెప్పారు?"

"మా కంప్రెసరు కాడ పన్జేసే అప్పలస్వామి. ఆ రోజు ఆయన మంచం దిగినాడంట. ఫ్యాక్టరీ సూస్తానన్నాడంట. నా బుజం మీద సెయ్యేసుకుని రేవు దాకా నడిసొచ్చినాడంట. దార్లో రెండు పాలి కూకున్నాడంట. నానేదో అంటే నవ్వినాడంట. అదే ఆయన ఆకరి నడకంట."

సుగుణ లోపలికి వెళ్లిపోయింది. నేను నిలబడ్డాను.

"ఏటన్నాను, ఎందుకు నవ్వినాడు అనడిగితే అప్పలస్వామికి తెల్దు. దూరంగా ఉన్నాడంట. పడవలోళ్లని అడిగినాను, గంపలోళ్లని అడిగినాను. వాళ్లూ దూరాన్నించే సూసినారు." ఫైలు చంకలో పెట్టుకుంది. "రేవులో ఉన్నోళ్లందరూ సూసినారు బాబూ. నానొక్కదాన్నే సూల్లేదు."